అడవిని చూడవచ్చినవారు అడవికి కావలి కాగలరా?

నల్లమలలో ఫర్హాబాద్ అనే చోటొకటి ఉంది. ‘ఫరహ్’ అంటే సంతోషం. నిజాముల కాలంలో వేట విడిదిగా ఉన్న ఆ ఎత్తైన అంచున నిలబడితే కంటికి అందినంత మేరా లోయలు, వాటి మీద పొగమంచు తప్ప మరేమీ కనబడదు. గత శీతకాలపు సెలవులలో మా మదరసా విద్యార్థులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాము. ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి మన్ననూరు చెక్‌పోస్టు దాటాము. వన్యమృగాల క్షేమం కోసం ఆ దారిని రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసివేస్తారు. పిల్లలలో చాలామంది అడవిని మొదటిసారి చూస్తున్నవారే. వారి ముఖాలు చూస్తే ఆ చోటికి ఆ పేరు తగినదేననిపించింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కాసేపు ఆగింది. ఆగీ ఆగగానే కోతుల గుంపొకటి చుట్టుముట్టింది. మా పిల్లలు ఉత్సాహం ఆపుకోలేక బిస్కెట్లు విసిరారు, కొందరు పొట్లంతో సహా విసిరారు. మేము చూస్తూనే ఉన్నాము. మందలించవలసినది, మందలించలేదు. ఇంతలో అటవీశాఖవారి కాపలా పనిలో ఉన్న చెంచు పెద్దాయన ఒకరు నడుచుకుంటూ వచ్చి, ఆ పొట్లాలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. కోపగించుకోలేదు. “మౌల్వీ సాబ్, ఇవి అడవిల పండ్లు ఏరుకునుడు యాదిమర్చినయ్. బండి ఆగితే సాలు, ఉరికొస్తయ్. బండ్ల కింద్నే పడి సస్తయ్” అన్నాడు, అంతే.

బస్సు కదిలిన తరువాత పద్నాలుగేళ్ళ విద్యార్థి ఒకడు లేచి, “హజ్రత్, అయితే మనం రావడమే తప్పా?” అని అడిగాడు. ఆ క్షణాన మా వద్ద జవాబు లేదు. ‘తరువాత చెబుతాములే’ అన్నాము. పిల్లలతో ఆ మాట అన్న ఉపాధ్యాయులు సాధారణంగా దానిని మరిచిపోతారు. మేము మరిచిపోలేకపోయాము. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

అడవికి హాని చేసేవారనగానే మనకు కలప దొంగలు, వేటగాళ్ళు గుర్తుకొస్తారు. వారి సంగతి వేరు, వారికి చట్టం ఉంది. కానీ సెలవు రోజున పిల్లాపాపలతో వచ్చి, చెట్ల నీడన అన్నం తిని, జలపాతం దగ్గర ఫోటో దిగి వెళ్ళే కుటుంబం కూడా కొంత హాని చేసే పోతుంది. దానికి ఆ ఉద్దేశం ఉండదు. వంట కోసం మూడు రాళ్ళ మధ్య పెట్టిన నిప్పు, బురద తప్పించుకోవడానికి కాలిబాట పక్కన తొక్కిన గడ్డి, మోగుతున్న పాటల పెట్టె, కోతికి ఇచ్చిన అరటిపండు, ఇవన్నీ విడివిడిగా చూస్తే లెక్కలోకి రానివి. వేలమంది చేసినప్పుడు మాత్రం ఆ చోటి రూపమే మారిపోతుంది. అడవిని ద్వేషించేవారు అడవికి రారు. ఇష్టపడేవారే వస్తారు, వారి పాదాల కిందే అది నలుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

దీనికి సులువైన జవాబులు రెండున్నాయి. ఒకటి, గేటు మూసివేయడం. రెండు, రానిచ్చి ఊరుకోవడం. మన దేశం ఈ రెంటి మధ్య ఊగిసలాడిన వైనం 2012లో అందరూ చూశారు. ఆ ఏడాది జూలై 24న సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కీలక ప్రాంతాలలో పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. వాహనాలు నడిపేవారు, దారి చూపేవారు, చిన్న హోటళ్ళవారు ఒక్కసారిగా పని కోల్పోయారు. సందర్శకుల కళ్ళు లేని అడవిలో వేటగాళ్ళకే స్వేచ్ఛ పెరుగుతుందని కొందరు వాదించారు. చివరకు అక్టోబరులో కేంద్రం కొత్త మార్గదర్శకాలను ప్రకటించాక ఆ నిషేధం తొలగింది. కీలక ప్రాంతంలో 20 శాతానికి మించిన భూభాగంలోకి సందర్శకులను రానివ్వరాదని, ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక స్థానిక సలహా సంఘం ఉండాలని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. ఆ సలహా సంఘం మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాము.

ఇంకా తెలివైన జవాబుగా కనిపించేది మూడవది కూడా ఉంది. అదే లెక్క. ‘ఈ అడవి రోజుకు ఎంతమందిని మోయగలదు? ఆ సంఖ్య తేల్చండి, అంతకు మించి రానివ్వకండి’ అంటారు. ఈ ఆలోచన పశువుల మేత నుంచి వచ్చింది. ఒక బీడు ఎన్ని పశువులను పోషించగలదో లెక్కగట్టినట్లే మనుషులనూ లెక్కగట్టవచ్చునని నిపుణులు చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో ఈ లెక్క కోసం ఏళ్ళ తరబడి పరిశోధించినవారికి చివరకు తేలినదేమిటంటే, అటువంటి ఒకే ఒక్క సంఖ్య ఎక్కడా లేదని.

కారణం చెప్పడానికి మా మదరసా ఆవరణే చాలు. వంటశాలకూ తరగతి గదులకూ మధ్య పచ్చిక ఉంది. సంవత్సరారంభంలో పిల్లలు వచ్చిన మొదటి పది రోజులలోనే దాని మీద అడ్డదారి పడుతుంది. గడ్డి చచ్చి, మన్ను గట్టిపడుతుంది. ఆ తరువాత ఏడాది పొడవునా ఎన్ని వందల పాదాలు పడినా ఆ దారి పెద్దగా చెడదు, చెడవలసినది అప్పటికే చెడిపోయింది. అరణ్యాలలో విడిది చేసే చోట్లను దశాబ్దాలపాటు పరిశీలించిన డేవిడ్ కోల్ అనే శాస్త్రవేత్త చెప్పినదీ ఇదే. మొదట వచ్చిన కొద్దిమంది చేసే నష్టమే ఎక్కువ, తరువాత వచ్చేవారి వల్ల పెరిగే నష్టం తక్కువ. అందుచేత ఇప్పటికే జనం తిరిగే చోటికి వచ్చేవారిని సగానికి తగ్గిస్తే నష్టం సగం కాదు. పైగా అక్కడ చోటు దొరకని మిగతా సగం మంది ఇంతవరకు ఎవరూ తొక్కని మరో చోటికి వెళితే అక్కడ కొత్త నష్టం మొదలవుతుంది. ఎంతమంది వచ్చారన్నదాని కంటే ఎక్కడికి వచ్చారు, ఏమి చేశారు, ఏ కాలంలో వచ్చారన్నది ముఖ్యం. వానాకాలపు మెత్తని నేల మీద పది గుర్రాలు చేసే గాయం ఎండిన నేల మీద వంద మంది మనుషులు చేయలేరు.

గుర్రాల మాట ఊరికే ఎత్తలేదు. ఈ చిక్కుముడిని విప్పడానికి సామాన్య ప్రజలను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న ఒక ప్రయోగం గుర్రాల నాడులోనే జరిగింది. అమెరికా దేశపు మాంటానా రాష్ట్రంలో బాబ్ మార్షల్ అరణ్యం ఉంది. 1939లో చిన్న వయసులోనే మరణించిన అటవీ అధికారి, అరణ్యాల కోసం జీవితమంతా వాదించిన బాబ్ మార్షల్ పేరు దానికి పెట్టారు. దానిని ఆనుకొని ఉన్న స్కేప్‌గోట్, గ్రేట్ బేర్ అరణ్యాలను కలుపుకుంటే మొత్తం 15 లక్షల ఎకరాలకు పైమాటే, అంటే మన అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి రెండు రెట్లకు మించిన విస్తీర్ణం. 1964 నాటి అరణ్య చట్టం ప్రకారం అందులో రోడ్లు లేవు, మోటారు వాహనాలు పోకూడదు. కాలినడకన వెళ్ళాలి, లేదా గుర్రం మీద వెళ్ళాలి. పర్వతాల మధ్య మైళ్ళ పొడవున గోడ కట్టినట్లు నిలువుగా లేచిన సున్నపురాతి కొండను చూడటానికీ, వేటకూ, చేపలు పట్టడానికీ జనం గుర్రాల బిడారులతో రోజుల తరబడి అందులోకి పోతారు. బిడారులు నడపడమే జీవనోపాధిగా గలవారూ అక్కడ ఉన్నారు.

1970ల నాటికి ఆ విడిది చోట్ల స్థితి దయనీయంగా ఉంది. రాత్రంతా చెట్టుకు కట్టివేసిన గుర్రం కాళ్ళతో నేలను తవ్వితే వేళ్ళు బయటపడ్డాయి. పచ్చిక బీళ్ళు మేతకు అరిగిపోయాయి. నిప్పు పెట్టిన రాళ్ళ గుంటలు ఎక్కడపడితే అక్కడ వెలిశాయి. అందరూ నష్టాన్ని ఒప్పుకున్నారు, కానీ తప్పు ఎవరిదంటే ఎవరూ ఒప్పుకోలేదు. నడిచేవారు గుర్రాలవారిని చూపారు, గుర్రాలవారు నడిచేవారి గుంపులను చూపారు, అందరూ కలిసి అటవీశాఖను చూపారు.

అంతకుముందు పద్ధతి మనకూ పరిచితమైనదే. అధికారులు గదిలో కూర్చుని ప్రణాళిక రాస్తారు. ముసాయిదా సిద్ధమయ్యాక ప్రజాభిప్రాయ సేకరణ అని సభ పెడతారు. ప్రజలు వచ్చి కొన్ని నిమిషాలు ఆవేశంగా మాట్లాడి వెళ్ళిపోతారు. తరువాత ఏమి మారిందో ఎవరికీ తెలియదు. నచ్చనివారు కోర్టుకు వెళతారు, లేదా అడవిలో ఎవరూ చూడని చోట తమ ఇష్టం వచ్చినట్లు చేస్తారు. అంత పెద్ద అరణ్యంలో ఎంతమంది కాపలాదారులను పెట్టగలరు? విడిది చేసేవాడు తనంతట తాను పాటించని నియమం అక్కడ కాగితం మీదే ఉండిపోతుంది.

1982లో అక్కడి అటవీశాఖ వేరే దారి పట్టింది. ముసాయిదా రాయకముందే అందరినీ పిలిచింది. బిడారులు నడిపేవారు, కాలినడకన తిరిగేవారు, అరణ్య పరిరక్షణ సంఘాలవారు, చుట్టుపక్కల పశుపాలకులు, మాంటానా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ మెక్‌కూల్ వంటి పండితులు, అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. నగర ప్రణాళికా శాస్త్రంలో జాన్ ఫ్రీడ్‌మన్ 1973లో ప్రతిపాదించిన ఆలోచన ఒకటి వారికి ఆధారమైంది. శాస్త్రవేత్తకు ఒక రకం జ్ఞానం ఉంటుంది, అధికారికి మరో రకం ఉంటుంది, ఆ చోటును ఏళ్ళ తరబడి వాడుకున్న మనిషికి మూడో రకం ఉంటుంది. ఏ ఒక్కటీ చాలదు. ఒకరు చెప్పి మరొకరు వినే సభలో ఆ మూడూ కలవవు. ముఖాముఖి కూర్చుని, పలుమార్లు, ఓపికగా మాట్లాడుకున్నప్పుడే కలుస్తాయి. మా భాషలో చెప్పాలంటే వారు చేసినది మష్వరా. నిర్ణయం అయిపోయిన తరువాత అడిగే సలహాను మాత్రం ఆ పేరుతో పిలవలేము.

ఆ బల్ల దగ్గర జరిగిన అసలు మార్పు ఏమిటంటే, ప్రశ్న మారింది. ‘ఎంతమంది రావచ్చు’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ‘ఈ చోట ఎంత మార్పును మనం ఒప్పుకోగలం’ అని అడిగారు. మనిషి అడుగుపెట్టిన తరువాత కొంత మార్పు తప్పదు. ఆ కొంత ఎంత? దానికి సమాధానం శాస్త్రం ఒక్కటే చెప్పలేదు. గడ్డి ఎంత చచ్చిందో శాస్త్రవేత్త కొలిచి చెప్పగలడు, అంత చావడం సమ్మతమా కాదా అన్నది అందరూ కలిసి తేల్చవలసిన విషయం. ఈ పద్ధతిని జార్జ్ స్టాంకీ, డేవిడ్ కోల్ ప్రభృతులు 1985లో అటవీశాఖ ప్రచురణగా వెలువరించారు. ‘అంగీకారయోగ్యమైన మార్పుకు హద్దులు’ అని దాని పేరుకు అర్థం.

హద్దులను వారు మాటలతో సరిపెట్టలేదు, కొలతలతో గీశారు. అరణ్యాన్ని నాలుగు రకాల మండలాలుగా విభజించారు. అతి మారుమూల మండలంలో ఒక విడిది చోట గడ్డి చచ్చి బోడిపడిన నేల 100 చదరపు అడుగులు దాటకూడదు. జనం ఎక్కువగా వెళ్ళే మండలంలో 2,000 చదరపు అడుగుల వరకు ఓర్చుకోవచ్చు. మారుమూల మండలంలో నడిచేవారికి పది రోజులలో ఎనిమిది రోజులైనా దారిలో మరో బృందం ఎదురుపడకూడదు. హద్దు దాటనంతవరకు ఎవరినీ ఆపరు. దాటినట్లు కొలతలో తేలితే ముందు మెత్తని ఉపాయం, అంటే తెలియజెప్పడం, దారి మళ్ళించడం, గుర్రాలను చెట్టుకు గాక రెండు చెట్ల మధ్య ఎత్తుగా లాగిన తాటికి కట్టమని నేర్పడం. అప్పటికీ లొంగకపోతేనే కఠినమైనవి. ఏది ముందు, ఏది తరువాత అన్నది కూడా ఆ బల్ల దగ్గరే చర్చకు వచ్చింది. ఇక్కడ బిడారులవారి జ్ఞానం ఎంతో పనికివచ్చింది. ఏ బీడు ఏ నెలలో గుర్రాల మేతకు తట్టుకోగలదో వారికి తెలిసినంతగా ఏ అధికారికి తెలుస్తుంది?

ఇదంతా ముగిసి ప్రణాళిక ఆమోదం పొందేసరికి 1987 వచ్చింది. ఐదేళ్ళు! మన ఓపికకు ఇది మహా దీర్ఘకాలం. అందరూ సంతోషించారని కూడా మేము చెప్పబోము. సమావేశాలకు తీరిక ఉన్నవారే వస్తారు, గొంతు ఉన్నవారి మాటే ముందు వినబడుతుంది, దూరపు నగరాల నుంచి ఏడాదికొకసారి వచ్చిపోయేవారు ఆ బల్ల దగ్గర ఉండరు. ఇవి నిజమైన లోపాలే. అయినా ఒకటి మిగిలింది. నియమం పుట్టినప్పుడు గదిలో ఉన్నవాడు దానిని తన నియమం అనుకుంటాడు. ఎవరో రాసి చెట్టుకు కొట్టిన బోర్డు విషయంలో అలా అనుకోడు.

బోర్డుల మాట వచ్చింది గనుక, ఉపాధ్యాయులుగా మమ్మల్ని ఎంతో ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. అదే దేశంలో అరిజోనా రాష్ట్రాన రాతిగా మారిన ప్రాచీన వృక్షాల వనం ఒకటి ఉంది. సందర్శకులు ఆ రాతికట్టె ముక్కలను జేబులో వేసుకుపోవడం అక్కడి తలనొప్పి. రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి గుర్తుపెట్టిన ముక్కలను దారి వెంట ఉంచి, రెండు రకాల బోర్డులతో పరీక్షించాడు. ‘గతంలో ఎందరో ముక్కలు ఎత్తుకుపోయి ఈ వనాన్ని మార్చివేశారు’ అన్న అర్థం వచ్చే బోర్డు పెట్టిన చోట 7.92 శాతం ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకుపోకండి’ అన్న బోర్డు ఉన్న చోట పోయినవి 1.67 శాతమే. మొదటి బోర్డు బాధతో రాసినదే, కానీ చదివినవాడికి ‘అందరూ చేస్తున్నారు, నేనొక్కడినీ చేస్తే ఏమి’ అన్న ధైర్యాన్నిచ్చింది. ‘ఈ కాలపు పిల్లలు ఎవరూ చదవడం లేదు’ అని తరగతిలో మేము ఎన్నిసార్లు అన్నామో గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాము. మన పత్రికలు కూడా ‘పర్యాటకులు అడవిని చెత్తకుప్ప చేస్తున్నారు’ అని శీర్షిక పెట్టేటప్పుడు ఒకసారి ఆలోచించవలసి ఉంది.

అమెరికాలో తీరికా డబ్బూ ఉన్నాయి గనుక అలా కుదిరిందని అనుకునేవారు కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యం వైపు చూడవచ్చు. తేక్కడి సరస్సు పేరుతో అది మనవారికి తెలిసినదే. 1996లో అక్కడ ప్రపంచబ్యాంకు సాయంతో పర్యావరణ అభివృద్ధి పథకం మొదలై, అడవి అంచు గ్రామాలలో ప్రజల కమిటీలు ఏర్పడ్డాయి. వాటిలో అందరినీ ఆకర్షించినది వయన బెరడు దొంగల కమిటీ. అడవిదాల్చిన చెట్ల బెరడు ఒలిచి దొంగతనంగా అమ్ముకునే 23 మంది అటవీశాఖతో ఒప్పందానికి వచ్చారు. వారి మీద కేసులు ఎత్తివేశారు. వారు అడవిని కాపలా కాస్తూ, సందర్శకులను కొద్దికొద్దిమందిగా లోపలికి నడిపించుకుపోయే పని చేపట్టారు. ఏ దారిన దొంగలు వస్తారో ఒకప్పటి దొంగకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? సందర్శకుడు చెల్లించే రుసుము నుంచే ఈ కావలికి జీతం వస్తుంది. 2002 నుంచి ‘వసంతసేన’ పేరుతో అక్కడి స్త్రీలు జీతం లేకుండానే వంతులవారీగా అడవిలో గస్తీ తిరుగుతున్నారు.

ఇదే అభయారణ్యంలో శబరిమల ఉంది. మన తెలుగు రాష్ట్రాల నుంచి ప్రతి శీతకాలంలో లక్షలాదిగా దీక్షాధారులు వెళ్ళేది అక్కడికే. అడవిదారిన నడిచేవారు ఎరుమేలిలో బయలుదేరేముందు అక్కడి వావర్ మసీదును దర్శించడం తరతరాల ఆచారం. మన పొరుగింటి స్వాములు తిరిగివచ్చి ఆ సంగతి చెప్పడం చాలామంది పాఠకులు వినే ఉంటారు. అంతమంది నడిచే అడవిదారిలో వంటచెరకు కోసం చెట్లు కొట్టడం, ప్లాస్టిక్ తిని జంతువులు చనిపోవడం పెద్ద సమస్యలయ్యాయి. యాత్రికులను ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపాలని ఎవరూ అనలేదు కూడా. దారి వెంట దుకాణాలను స్థానిక కమిటీల సభ్యులకు అప్పగించి, కట్టెల స్థానంలో గ్యాసును తెచ్చారు. 2011లో కేరళ పోలీసులు ‘పుణ్యం పూంగావనం’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, దర్శనానికి వచ్చిన యాత్రికుణ్ణే ఒక గంటసేపు చీపురు పట్టమన్నారు. ఇరుముడిలో ప్లాస్టిక్ పెట్టుకోకుండా ఇంటి దగ్గరే జాగ్రత్తపడమన్నారు. పెద్ద పెద్ద అధికారులూ సామాన్య భక్తులూ కలిసి చెత్త ఎత్తారు. చెత్త పూర్తిగా పోయిందని కాదు. అయితే యాత్రికుడు అక్కడ నిందితుడిగా గాక పనివాడిగా నిలబడ్డాడు.

ఇప్పుడు మళ్ళీ మన నల్లమలకు వద్దాము. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ నుంచే హైదరాబాదు – శ్రీశైలం రహదారి పోతుంది. ఇక్కడ ఏమీ జరగడం లేదనడం అన్యాయం. రాత్రి రాకపోకలు ఆపారు. ప్లాస్టిక్‌ను నిషేధించారు, రోడ్డు పొడవునా దానిని ఏరే పనిలోనూ, అడవి కాపలాలోనూ చెంచులు ఉన్నారు. చైత్ర పౌర్ణమి వేళ లోతైన లోయలో జరిగే సలేశ్వరం జాతరను కొద్ది రోజులకు పరిమితం చేశారు. అక్కడ పూజారులు చెంచులే. ఏడాదంతా నిశ్శబ్దంగా ఉండే ఆ లోయలోకి ఆ కొన్ని రోజులలో వేలాది పాదాలు దిగుతాయి.

కానీ ఈ ఏర్పాట్లన్నీ పైనుంచి వచ్చినవి. ఎన్ని రోజులు జాతర జరగాలో ఏటా ఒక ప్రకటనగా వెలువడుతుంది, భక్తులు ఇంకొన్ని రోజులు కావాలంటారు, అధికారులు కుదరదంటారు, మరుసటి ఏడు మళ్ళీ అదే వాదన. 2012 మార్గదర్శకాలు చెప్పిన స్థానిక సలహా సంఘంలో అధికారులకూ ప్రజాప్రతినిధులకూ చోటుంది. బస్సు కట్టించుకుని పిల్లలను తెచ్చే పాఠశాలలకు, మదరసాలకు, ఆదివారం మోటారు సైకిళ్ళ మీద గుంపుగా వచ్చే హైదరాబాదు యువకులకు, మన్ననూరులో చాయ్ అమ్ముకునేవారికి, జాతరలో అన్నదానం చేసే సంఘాలకు అక్కడ చోటు లేదు. నష్టం చేసేదీ ఆపగలిగేదీ వీరే. వీరికి అందేది మాత్రం చెక్‌పోస్టు దగ్గర బోర్డు ఒక్కటే.

మన్ననూరులో ఒక చెట్టు కింద వీరందరినీ ఏడాదికి నాలుగుసార్లు కూర్చోబెడితే ఏమవుతుంది? మొదటి రెండుసార్లు తప్పులెన్నుకోవడమే జరుగుతుంది, జరగనివ్వాలి. ఆ తరువాత ‘ఎంతమంది’ అన్నది వదిలి ‘ఎంత మార్పు’ అన్నది మాట్లాడుకోవచ్చు. సలేశ్వరం దిగే కాలిబాట ఎంత వెడల్పు వరకు ఓర్చుకుందాము? రోడ్డు పక్కన మైలుకు ఎన్ని కోతులు కనబడితే ఇది హద్దు దాటిందని ఒప్పుకుందాము? ఇవి చదువురానివారు కూడా కొలవగలిగిన కొలతలే. ఆ లోయ ఏ నెలలో ఎలా ఉంటుందో చెప్పవలసి వచ్చినప్పుడు చెంచు పెద్దల మాటే ఆఖరు మాట కావాలి. వారు అక్కడ సందర్శకులు కారు, ఇంటివారు.

దీనికి వచ్చే అభ్యంతరం మాకు తెలుసు. ఇటువంటి కమిటీలను హోటళ్ళ యజమానులో, పలుకుబడి ఉన్నవారో చేజిక్కించుకుంటారు, చెంచు పెద్ద వెనుక వరుసలో కూర్చుని తల ఊపి వస్తాడు అంటారు. ఆ భయం నిరాధారం కాదు. పిలిచి కూర్చోబెట్టి చివరకు ముందే రాసుకున్నది చదివి వినిపించే సభ కంటే అసలు పిలవకపోవడమే నయం. ఒకసారి అలా మోసపోయినవాడు రెండవసారి పిలిచినా రాడు. అందుచేత ఆ సభ ఏ విషయాన్ని నిర్ణయించగలదో, ఏది దాని చేతిలో లేదో మొదటి రోజే చెప్పాలి. పులి తిరిగే కీలక ప్రాంతపు తలుపులు తెరవడం దాని చేతిలో ఉండదు. కోతులకు తిండి వేయడం ఆపించడం ఉంటుంది.

ఈ ఏడు శీతకాలంలో మేము మళ్ళీ వెళ్ళాము. బయలుదేరేముందు రెండు తరగతులు దీనికే కేటాయించి, ఏమి తీసుకుపోకూడదో పిల్లలనే రాయమన్నాము. వారు రాసిన జాబితా మేము రాయగలిగినదానికంటే కఠినంగా ఉంది. బిస్కెట్ పొట్లాలు విప్పి స్టీలు డబ్బాలలో పోసుకోవాలన్నది, బస్సు ఆగినా కిటికీలు తెరవరాదన్నది వారి నిర్ణయాలే. వంటపాత్రల విషయంలో మేము కొంత సడలింపు అడిగితే ఒప్పుకోలేదు.

నిరుడు ప్రశ్న అడిగిన విద్యార్థి ఈసారి నోటుపుస్తకం తెచ్చుకుని, చెక్‌పోస్టు నుంచి ఫర్హాబాద్ మలుపు వరకు రోడ్డు పక్కన కనబడిన కోతుల గుంపులను, ఆగి ఉన్న బండ్లను, వాటిలో తిండి విసిరినవాటిని మూడు గళ్ళలో రాసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అదే చెంచు పెద్దాయన కనబడ్డాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. పిల్లవాడు ఆ కాగితం చించి ఆయన చేతికిచ్చి, “కాకా, ఇది ఎవరికివ్వాలి?” అన్నాడు. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. “మా సారుకిస్త. ఏమంటడో వచ్చే ఏడు వచ్చినప్పుడు చెప్త” అన్నాడు.